మంచం అరుస్తాండాది మామా

మా పెద్దోడు మొన్న నాకొక కొత్త మంచం కొన్నాడు. ప్రొద్దుటూర్లో ఇప్పుడు మంచాలమ్మేది అద్దాల అంగళ్ళలో. చల్లగా కూర్చోబెట్టి, కాఫీలిచ్చి, అమ్మా అమ్మా అంటూ వెనకే తిరిగి అంటగడతారు. ఇంటికొచ్చాక పక్కకు తిరిగితే చాలు, కిర్రుమని ఇల్లంతా వినబడేట్టు అరుస్తోంది. మావాడికి ముక్కుమీద కోపం. ఫోనెత్తి అంగడివాళ్ళను ఒకటే వాయించడం. "కొత్త మంచానికి ఈ రోగమేందప్పా? మారుస్తారా, నన్నే ఆడికి రమ్మంటారా?" అని. రేపు మనిషిని పంపిస్తామన్నారట.

"ఎందుకులేరా, అరవనీ" అన్నాను.

"నీకేమన్నా పిచ్చా మ్మా? దుడ్లు పోసి కొన్న్యాం గదా!" అని నా మీదికే తిరిగాడు.

వాడికేం తెలుసు. వాడు పుట్టకముందు మాట. కొన్న మంచం అరుస్తోందని అంగడి మీదికి వచ్చిన మనిషిని నేనొకణ్ణి చూశాను. ఫోన్లో అరిచే రకం కాదు. ఆయన గొంతు ఎత్తగా నేను ఎన్నడూ వినలేదు. ఎత్తి ఉంటే మాకు అంత భయం ఉండేది కాదేమో.

పేరు చెప్పను. మా ఇంట్లో ఆయన పేరు ఎవరం పలికేవాళ్ళం కాదు. 'లింగాలాయన' అనేవాళ్ళం, అదీ గొంతు తగ్గించి. లింగాల కూడా ఆయన ఊరు కాదు, అక్కడ బస్సు దిగి ఇంకా లోపలికి పోవాలి.

రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు పోయిన కొత్త. నేను జమ్మలమడుగు పిల్లను, ప్రొద్దుటూరికి కోడలిగా వచ్చి ఎక్కువ కాలం కాలేదు. మేం దూదేకులవాళ్ళం. మా మామ కుర్రతనంలో దూది ఏకే విల్లు భుజానేసుకుని ఊరూరా తిరిగినవాడు. వయసు పైబడ్డాక తిరగలేక పరుపుల అంగడి పెట్టాడు, పరుపుకు మంచం తోడుంటే అమ్ముడు సులువని మంచాలూ తెచ్చిపెట్టాడు. ముందు అంగడి, వెనక ఇల్లు, మధ్యలో తలుపుకు ఒక నీలం గుడ్డ. ఆ గుడ్డ వెనక నిలబడే నేను ప్రొద్దుటూరునంతా చూశాను. వచ్చినవాళ్ళకు మంచినీళ్ళు పంపడం నా పని. గుడ్డ పక్కనుంచి చెంబూ గ్లాసూ బయటికి జరిపితే మా ఇంటాయన అందుకుని ఇచ్చేవాడు.

ఆయన మొదటిసారి వచ్చింది ఎండాకాలం మొదట్లో. పొడుగు మనిషి. ఒంట్లో కండ లేదు, ఎముకలే. తెల్ల పంచె, తెల్ల చొక్కా, భుజం మీద తువ్వాల, అంతా ఉతికిన తెలుపు. వెంట వచ్చిన ఇద్దరు బయటే, ఒకడు ఈ పక్క ఒకడు ఆ పక్క నిలబడ్డారు. ఆయన గడప దాటకుండా ముందు పైకప్పు చూశాడు. తర్వాత మూలలు చూశాడు. తర్వాత నేనున్న నీలం గుడ్డ వైపు చూశాడు.

"ఆ గుడ్డెనక ఏముండాది మామా?"

మా వైపు రెడ్లు మమ్మల్ని వరస పెట్టి మామా అని పిలవడం మామూలే. మా మామ కూడా మామూలుగానే చెప్పాడు. "మా ఇల్లు రెడ్డీ. కోడలుండాది."

"ఎనక వాకిలుందా?"

"ఉండాది. సందులేకి పోతాది."

"మేలు" అని అప్పుడు లోపలికి వచ్చాడు.

మంచం కొనడానికి వచ్చినవాడికి మా వెనక వాకిలితో ఏం పనో నాకు అంతుబట్టలేదు. ఏం మనిషిరా నాయనా అనుకున్నాను. అన్ని అంగళ్ళలోనూ అందరూ కుర్చీ వేస్తే కూర్చుంటారు కదా, ఈయన కుర్చీ వద్దని, గోడకు జారగిలేసిన దూది మూట మీద కూర్చున్నాడు. వీపు గోడకు, ముఖం వీధికి. మంచాల తలాపి మీద చెక్కిన నెమళ్ళనూ పూలనూ చూడనే లేదు. ఒక్కొక్క మంచం దగ్గరికి పోయి, పట్టె మీద పిడికిలితో మెల్లగా తట్టి, చెవి ఆనించి విన్నాడు. కల్లుకుండ కొనేవాడు తట్టినట్టు తట్టాడని ఆ సాయంత్రం మా ఇంటాయన ఎగతాళి చేశాడు. అది ఆఖరి ఎగతాళి.

కూర్చున్నంతసేపూ చొక్కా జేబులోంచి చెనక్కాయలు తీసి వలుచుకుని తినడం ఆయన అలవాటు. పొట్టు ఒక్కటి నేల మీద పడదు, తువ్వాల కొంగులో పోసి ముడేసుకునిపోతాడు. నేను చీపురు పట్టుకుని వస్తే ఊడ్చడానికి ఏమీ ఉండేది కాదు. చెనక్కాయలు కాకుంటే అరటిపండు, అదీ తన ఊరినుంచి తెచ్చుకున్నదే. మేం పంపిన నీళ్ళు పక్కన పెట్టించాడు. ఆయన పోయాక చూస్తే గ్లాసు నిండుగా అట్లాగే ఉంది. దప్పిక లేదేమో అనుకుని నేను ఆ నీళ్ళు కరివేపాకు మొక్కకు పోశాను.

మంచి టేకు మంచం ఒకటి ఏరుకుని, లారీలో వేయించుకుని పోయాడు. బేరం కూడా ఆడలేదు. మా మామ ఆ పూట మహా ఉషారుగా ఉన్నాడు.

కొద్ది రోజులకే మళ్ళీ వచ్చాడు. అదే చూపు, పైకప్పు, మూలలు, నీలం గుడ్డ. అదే దూది మూట మీద కూర్చుని, చెనక్కాయ ఒకటి వలిచి, పిసరంత గొంతుతో అన్నాడు.

"మంచం అరుస్తాండాది మామా."

మా మామ నవ్వేశాడు. "కొత్త కట్టె గదా రెడ్డీ. ఎండలకు వదులై అట్ల అంటాది. వానలు పడితే సర్దుకుంటాది."

"వానలు పడేదాకా నేనుండొద్దా?"

ఆయనా నవ్వుతూనే అన్నాడు. మా మామ నవ్వు మాత్రం ముఖం మీద ఎక్కడిదక్కడ నిలిచిపోయింది. నేను గ్లాసు బయటికి జరిపాను. మా ఇంటాయన తీసుకుపోయి చేతికి ఇవ్వబోతే, ఆయన అరచెయ్యి అడ్డం పెట్టి "వద్దులే బామ్మర్దీ" అన్నాడు. మామకు కొడుకు గనక బామ్మర్దట. మా ఇంటాయన గ్లాసు పక్కన పెట్టేశాడు.

మా సీమలో ఒకరి ఇంట్లో నీళ్ళు వద్దనడమంటే ఊరికే వద్దనడం కాదు. పగ ఉన్న ఇంట్లో నీళ్ళు తాగరు. తాగితే ఆ ఇంటి మీద చెయ్యెత్తకూడదు, అందుకని తాగరు. ఇది అందరికీ తెలిసిన సంగతే. ఆయన పోయాక మా ఇంటాయన బస్టాండు దాకా పోయి, నలుగురినీ కదిలించి, ముఖం పాలిపోయి వచ్చాడు. ముద్దనూరి దగ్గర ఎవరో గానుగాయన ఇంట్లో ఈయన ఇట్లాగే నీళ్ళు ముట్టకుండా లేచాడట. ఆ గానుగాయన నెల తిరక్కుండా ఇల్లూ గానుగా తెగనమ్ముకుని బళ్ళారికి పోయాడట. నిజమో అబద్ధమో, విన్నాక నాకు ఆ రాత్రి ముద్ద దిగలేదు.

"నాయనా, వేరే మంచం ఇచ్చి పంపుదాం. మంచం పోతే పోయినాది" అని మా ఇంటాయన మొత్తుకున్నాడు.

"ఉండ్రా. ఆచారిని పంపిస్తా" అన్నాడు మా మామ.

ఆ మంచం చేసింది జమ్మలమడుగు ఆచారి. మా పుట్టింటి వీధివాడే, మంచి పనిమంతుడు. పోయి, మంచంకోళ్ళలో పట్టెలు దూరే చోటల్లా చీలలు కొట్టి బిగించి వచ్చాడు. వచ్చినవాడు మా అంగట్లో కూర్చుని రెండు చెంబుల నీళ్ళు గటగటా తాగాడు.

"ఇంగ నన్ను ఆ ఇంటికి పంపొద్దు సాయిబూ" అన్నాడు.

"ఏమన్న్యాడా?"

"ఏమీ అనలా. నేను ఒక్కొక్క గదిలేకి పోతాంటే ఎనక తలుపేస్తా వచ్చినారు. పని చేసినంతసేపూ ఆయప్ప నా సేతిలో ఉలి దిక్కే సూస్తాండ్య."

ఆచారి బిగింపు నాలుగు నాళ్ళు కూడా నిలవలేదు. ఆయన మూడోసారి వచ్చాడు. ఈసారి మా మామ ఆయన నోరు తెరవకముందే చేతులు కట్టుకున్నాడు. "తప్పు మాదే రెడ్డీ. మంచం ఎనక్కి పంపు. నీ దుడ్లు నీకిస్తా. ల్యాకుంటే ఇంగో మంచం నువ్వే ఏరుకో."

"దుడ్లు ఎవురడిగినారు మామా?" ఆయన చెనక్కాయ వలవడం ఆపాడు. "పండుకున్న మంచం ఇంట్లోనుంచి బైటికొచ్చేది ఒక్కసారే. నేను పోయిన పొద్దు. అంతకుముందు రాకూడదు."

అది మా ఇండ్లలోనూ ఉన్న ఆచారమే. మనిషి పోతే ఆ మనిషి పడుకున్న మంచం బయట పడేస్తారు. బతికుండగా మంచం గడప దాటితే చావును పిలిచినట్టే అని పెద్దవాళ్ళు పడనిచ్చేవాళ్ళు కాదు.

"అయినా రెడ్డీ, యా మంచమైనా రోంత అరుస్తాది. కండ్లు మూసుకుంటే నిద్దర పట్టదా?"

"నేను నిద్రపోయేదానికి కొనలా మామా, మంచం" అన్నాడు. "పండుకోని యినేదానికి కొన్న్యా. కుక్క మొరిగితే యినాల. ప్రహరీ మింద కాలు పడితే యినాల. నేను కదిలితే ఇది అరుస్తాది. ఇది అరిచినంతసేపూ నాకు బైట సప్పుడు యినపడదు. మా అన్నకు యినపడలా. మిద్దె మింద పండుకున్న్యోడు పండుకున్నట్టే పాయ."

బయట బజారులో టాంగా పోతోంది, ఎవరో పూలమ్మి పాట పాడినట్టు కేకలేస్తోంది, ఎండ ఫెళ్ళున కాస్తోంది. ఆయన మాత్రం చీకట్లో కూర్చున్న మనిషిలాగే మాట్లాడాడు. అప్పటినుంచి బస్సు హారను వినిపిస్తే, ఆయన వచ్చే పులివెందుల బస్సేమో అని గుడ్డ సందులోంచి తొంగిచూసేదాన్ని.

పోతూ పోతూ మా మామతో "నువ్వే రా మామా. ఇంగ ఎవురినీ పంపొద్దు" అన్నాడు. గ్లాసు నిండుగా అట్లాగే ఉంది.

మా మామ పోవడానికి తయారైతే నేను సిగ్గు వదిలి గుడ్డ ఇవతలికి వచ్చి అడ్డం నిలబడ్డాను. "పోవద్దు మామా. ఆయప్ప మన ఇంట్లో నీళ్ళు గూడా ముట్టల్యా" అన్నాను. మా ఇంటాయన నేనూ వస్తానన్నాడు.

"ఇద్దరమూ పోతే ఇంటికి మగోడుండొద్దా?" అన్నాడు మా మామ. అంటే తిరిగి రాకపోవచ్చని ఆయనా అనుకున్నాడన్నమాట. సంచిలో కొయ్యసుత్తి వేసుకున్నాడు, చీలలు కాదు, ఏకిన దూది ఇంత, తేనెమైనం ఇంత, ఆముదం బుడ్డి పెట్టుకున్నాడు. ఆచారికి తెలిసింది కట్టె, నాకు తెలిసింది దూది, చూద్దాం ఎట్లయితాదో అని బస్సెక్కాడు.

ఆ పొద్దూ ఆ మర్నాడూ మా ఇంట్లో పొయ్యి వెలిగించామన్న మాటే గానీ ఎవరం తిన్నది లేదు. మర్నాడు దీపాలు పెట్టే వేళకు వచ్చాడు మా మామ. కాళ్ళు కడుక్కుని వచ్చి కూర్చున్నాడు.

"ఆ ఇంట్లో కిటికీలకు ఇటుకలు పేర్చినారు" అన్నాడు. "మంచం గది నడిమధ్యన ఉండాది. యా గోడకూ ఆనదు. పట్టెలన్నీ ఊడదీసి, దూదిని మైనంలో నానబెట్టి సందుసందునా దూర్చి మళ్ళీ బిగించినా. నేనే ఎక్కి అటూ ఇటూ దొర్లినా. సీమ పాకినంత సప్పుడు గూడా ల్యా."

"ఆయప్ప ఏమన్న్యాడు?"

"మంచం సుట్టూ తిరిగి తిరిగి యిన్న్యాడు. మేలు మామా అన్న్యాడు." నా వైపు తిరిగి అన్నాడు. "అన్నానికి కూచ్చుంటే, ఆయన కంచంలో మొదటి ముద్ద ఆయమ్మ తినింది, ఆయన పెండ్లాం. తిని, రోంతసేపుండి, అప్పుడు కంచం ఆయన ముందరికి జరిపింది. దినామూ అంతేనంట. బైట యాడా నీళ్ళు గూడా ముట్టడంట. మన మింద కోపంతో గాదు మ్మా. బయ్యం."

చూడండి మరి. ఇన్నాళ్ళూ మేం ఆయనకు వణికి చచ్చాం, ఆయన మా గ్లాసుకు వణికాడు. చెనక్కాయలూ అరటిపండే ఎందుకో అప్పుడు తెలిసింది, తొక్క ఉన్నదాంట్లో ఎవరూ ఏమీ కలపలేరు. తెలిశాక భయం పోవాలి కదా. పోలేదు. ఇదివరకు ఆయన మమ్మల్ని ఏం చేస్తాడో అని భయం. ఇప్పుడు ఆయనకు ఏమవుతుందో అని ఇంకో రకం భయం పట్టుకుంది. ఆ ముద్ద తినే ఆవిడ నా కళ్ళలో మెదిలేది. నా కంటే ఎంత పెద్దదో, పిల్లలున్నారో లేదో, ఏదీ తెలియదు. అన్నం కలుపుకున్నప్పుడల్లా గుర్తొచ్చేది.

ఆ తర్వాత ఆయన రాలేదు. పీర్ల పండగ వచ్చింది. మా వీధి చావిట్లో పీర్లను నిలబెట్టారు. మా ఇంట్లో పీరునెత్తుకునే మొక్కు మా మామది. పీర్లు లేచిన్నాటి నుంచి ఏట్లో దిగేదాకా ఆయన పనిముట్టు ముట్టడు. విల్లు దించి గోడకు పెట్టేస్తాడు, సుత్తికి గుడ్డ చుట్టేస్తాడు, అంగట్లో ఒక్క మేకు కూడా కొట్టనియ్యడు. ఆ రోజుల్లో వచ్చినవాళ్ళకు ఉత్త నీళ్ళు కాదు, పీర్లకు చదివించిన బెల్లం షర్బత్తు ఇస్తాం. హిందువులూ తురకలూ అని లేదు, అందరూ కళ్ళకద్దుకుని తాగేవాళ్ళే.

ఒకరోజు మధ్యాహ్నం ఆయన వచ్చాడు. మనిషి మారిపోయాడు. ముఖంలో నునుపు వచ్చింది, కళ్ళ కింది నలుపు తగ్గింది. పైకప్పు చూడలేదు. నీలం గుడ్డ వైపు చూడలేదు. నేరుగా వచ్చి దూది మూట మీద కూలబడ్డాడు.

"మామా, నాకు నిద్దర పట్టింది" అన్నాడు.

మా మామ సంతోషపడబోయాడు. ఆయన ముఖం చూసి ఆగిపోయాడు. ఇల్లు కాలిపోయిందని చెప్పే గొంతది.

"తెల్లారేదాకా పండుకున్న్యా. లేసి సూస్తే వాకిట్లో కుక్క ల్యా. యాడికి పాయనో, ఎవురు తోలుకపోయినారో, ఎప్పుడు తోలుకపోయినారో నాకు తెలీదు. మొరిగిందో ల్యాదో గూడా తెలీదు. మంచం అరుస్తాండినప్పుడు నిద్దర పట్టేది గాదు మామా. నేనేమో ఆ సప్పుడుకు చెవుడొస్తాందని అనుకుంటి. అది నన్ను మేలుకొల్పుతాండ్య." మా మామ చెయ్యి పట్టుకున్నాడు. ఆయన ఒకర్ని ముట్టుకోవడం నేను చూసింది అదే. "ఆ దూది పెరికెయ్. మళ్ళా అరిచేటట్టు చెయ్."

"చేస్తా రెడ్డీ. పెరికేది ఎంతసేపు. కాకుంటే పీర్లు లేసినాయి. దిగేదాకా నేను సుత్తి పట్టను. మొక్కుండాది."

"ఇంగెవురన్నా?"

"ఎవురో ఎందుకు రెడ్డీ, నీ ఇంట్లేకి? పీర్లు ఏట్లో దిగిన మర్నాడు మొదటి బస్సుకు నేనే వస్తా."

మనిషిని నమ్మి ఇంట్లోకి రానివ్వడం ఆయనకు ఎంత కష్టమో మాకు తెలుసు. చివరికి "పీర్ల మాట గదా. అట్నే కానీ" అన్నాడు. జేబులోంచి చెనక్కాయ తీశాడు. వలుస్తూ వలుస్తూ, గోడకు తలానించి, అట్లాగే నిద్రపోయాడు.

పట్టపగలు, బజారు మధ్యన, మా అంగట్లో. పొట్టు ఆయన వేళ్ళలోంచి జారి నేల మీద పడింది. బయట నిలబడిన ఇద్దరూ లోపలికి తొంగిచూసి, ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. మా మామ లేచిపోయి వీధి తలుపు ఒక రెక్క మూశాడు. మా ఇంటాయన, ఈయన పేరు చెబితే చెమటలు పట్టేవాడు, ఎవరూ చెప్పకుండానే రెండో రెక్క దగ్గర అడ్డంగా నిలబడి, వచ్చినవాళ్ళను తర్వాత రండప్పా అని సైగలతో పంపేశాడు. నేను వెనక వాకిలికి గడియ వేసి వచ్చాను. ఇంతటి మనిషీ నోరు తెరుచుకుని, జ్వరమొచ్చిన పసిబిడ్డలాగా పడుకున్నాడు. నాకు ఏడుపొచ్చింది. ఎవరి కోసం ఏడుస్తున్నానో నాకే తెలియలేదు.

ఎక్కడో తప్పెట మోగింది, పీర్ల చావిడి దగ్గర. ఆయన అదిరిపడి లేచి చెయ్యి నడుముకు పోనిచ్చాడు. ఎదురుగా నేనున్నాను, షర్బత్తు గ్లాసుతో. గుడ్డ వెనక ఉండాల్సినదాన్ని ఎప్పుడు ఇవతలికి వచ్చానో నాకే గుర్తు లేదు.

"ఎంతసేపు పండుకున్న్యా బిడ్డా?"

"రోంతసేపే మామా" అన్నాను. నా నోట మామా అని ఎట్లా వచ్చిందో.

"ఎవురన్నా వచ్చినారా?"

"ఎవురూ రాలా. పీర్ల షర్బత్తు, తాగు."

ఆయన గ్లాసు వైపు చూశాడు. నా వైపు చూశాడు. ఎప్పటిలాగా అరచెయ్యి అడ్డం పెడతాడనుకున్నాను. గ్లాసు తీసుకుని, కళ్ళకద్దుకుని, ఎత్తిపోసుకుంటూ గుక్క తిప్పుకోకుండా మొత్తం తాగేశాడు. గొంతు కింద ఎముక పైకీ కిందికీ ఆడింది. తాగి, ఖాళీ గ్లాసు బోర్లించి నాకిచ్చి, "శానా తియ్యగుండాది బిడ్డా" అన్నాడు.

ఆయన పోయాక మా ఇంటాయన "ఇంగ మనకు బయ్యం ల్యా. మన ఇంట్లో తాగినాడు" అని పొంగిపోయాడు. మా మామ నేల మీద పడిన చెనక్కాయ పొట్టును చూస్తూ కూర్చున్నాడు. నేను ఊడ్చబోతే వద్దన్నాడు.

పీర్లు పెన్నలో దిగిన మర్నాడు కోడి కూయకముందే మా మామ లేచి, సుత్తికి చుట్టిన గుడ్డ విప్పి, సంచి సర్దుకుని మొదటి బస్సుకు పోయాడు. పొద్దు వాలకముందే తిరిగొచ్చాడు. అంత తొందరగా వచ్చాడంటే పని సులువుగా అయిపోయిందనుకున్నాను. ఎదురుపోయి సంచి అందుకున్నాను. మైనం, ఆముదం, కొయ్యసుత్తి, అన్నీ పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి.

"ఏం మామా, అరిపించినావా?" అనడిగాను.

"మంచం బైట ఉండాది" అన్నాడు.

నాకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక సంచి అక్కడే కింద దింపేశాను.

పీర్లు దిగిన రాత్రే జరిగిందట. వాళ్ళ ఊళ్ళోనూ అదే పండగ, అదే తప్పెట్లు, కాపలావాళ్ళు కూడా ఏటి గట్టుకు పోయారట. ఎవరు, ఎట్లా అని మా మామ చెప్పలేదు, నేను అడగలేదు. ఇంటి ముందర చింతచెట్టు కింద మా మంచం కాళ్ళు పైకి పెట్టి బోర్లేసి ఉందట. ఆయమ్మ అరుగు మీద కూర్చుని ఉంటే, ఏం ముఖం పెట్టుకుని మాట్లాడాలో తెలియక మా మామ సంచి పట్టుకుని దూరంగా నిలబడ్డాడట. ఆమే చూసి దగ్గరికి పిలిచిందట.

"తిట్టిందా?" అన్నాడు మా ఇంటాయన.

"తిట్టలా. తిట్టింటే బాగుండు." "ఏమనిందో తెల్సునా? పెండ్లయిన కాన్నుంచి ఆయన గురక పెట్టంగా యినల్యా సామీ, ఈ నాలుగు నాళ్ళే యిన్న్యా అనింది. ఆ గురక యింటాంటే దైర్నంగా ఉండ్య, నాగ్గూడా నిద్దర పట్టింది అనింది. ఇద్దరమూ నిద్రపోయినాము సామీ అనింది. మంచం ఇంగ అరవలా, శానా బాగ చేసినావు అనింది."

నేను నీళ్ళు తెచ్చి మా మామ ముందు పెట్టాను. ఆయన ముట్టలేదు. ఆ వారంలోనే అంగట్లో ఉన్న మంచాలన్నీ తక్కువకు తెగనమ్మేసి, మళ్ళీ పరుపులు మాత్రమే పెట్టుకున్నాడు. తర్వాత ఎన్నేళ్ళు బతికినా ఏ కట్టె సందులోనూ దూది దూర్చలేదు.

ఇదంతా మావాడికి చెబితే, అదంతా ఆ కాలంలో మ్మా, ఇప్పుడెవరొస్తారు మన మీదికి అంటాడు. ఎవరూ రారులే, నాకు తెలుసు. రేపు అంగడి మనిషి వస్తే కూర్చోబెట్టి మంచినీళ్ళిస్తాను. మంచం మీద మాత్రం చెయ్యి వెయ్యనియ్యను.